పదిహేను దగ్గర ఆగిన సౌండ్

రిమోట్ చేతిలో పెడితే చాలు, ఆ ఇల్లు ఎలాంటిదో చెప్పేస్తానని ఒకప్పుడు గొప్పలు పోయేవాణ్ణి. చాలావరకు చెప్పేవాణ్ణి కూడా. నంబర్ల బటన్లు అరిగితే ఆ ఇంట్లో వార్తల పిచ్చివాడు ఒకడున్నట్టు. మ్యూట్ బటన్ మీద అచ్చు చెరిగితే అత్తాకోడళ్లు ఒకే గదిలో కూర్చుని టీవీ చూస్తున్నట్టు. మూలల్లో పంటి గాట్లుంటే చంటిపిల్ల, వెనక మూత పోయి రబ్బరు బ్యాండు చుట్టి ఉంటే పిసినారి యజమాని. సిద్దిపేట పాత బస్టాండు దగ్గరి సందులో ముప్ఫై ఏళ్లకు పైగా టీవీలు బాగుచేశాను. ఈ జోస్యం విని నవ్వని గిరాకీ లేడు.

ఇప్పుడు నా బల్ల ముందు కూర్చున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, ఏ యూనివర్సల్ రిమోట్ మంచిదో, ఎవరికి ఏది ఇవ్వాలో అడుగుతుంటారు. టీవీకి, సెట్‌టాప్ బాక్సుకు, సౌండ్‌బార్‌కు కలిపి ఒక్కటే రిమోట్ కావాలని ఈ రోజుల్లో అందరూ అడుగుతున్నారట. కోడ్‌ల సంగతి ఆ పిల్లలకు నాకంటే ఎక్కువే తెలుసు. నేను చెప్పగలిగింది ఒక్కటే: ఒక మనిషికి నేను తప్పు రిమోట్ ఎలా ఇచ్చానో. తలెత్తుకుని చెప్పే సంగతి కాదు. అయినా చెప్తాను, వినండి.

మా షట్టర్‌లో, అంటే ఆ ఒక్క గది దుకాణంలో, రెండు బల్లలు. ఒకటి నాది. రెండోది మిక్సీలు, కూలర్లు చేసే ఆయనది. ఆయన నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది. నాది తిరగేసి. నా నోటికి గిరాకీలు వచ్చేవి, ఆయన చేతికి నిలిచేవి. ఇద్దరం కలిసే చాయ్ తాగేవాళ్లం, కలిసే పోట్లాడుకునేవాళ్లం.

నా బల్ల కింద నీలం రంగు పెయింట్ బకెట్ ఒకటి ఉండేది, నిండా పాత రిమోట్లు. కొత్త రిమోట్ ఇచ్చినప్పుడల్లా పాతది తెచ్చేసుకోవడం నా పద్ధతి. లోపలి బోర్డులు, రబ్బర్లు వేరేవాటికి పనికొస్తాయన్నది పైకి చెప్పే కారణం. అసలు కారణం వేరు. పాతది ఇంట్లో ఉంటే జనం దాని వైపే మళ్లుతారు, పాతదే నయమని మూడోరోజు కొత్తదాన్ని తెచ్చి బల్ల మీద పడేస్తారు. పాతది లేకపోతే ఏడ్చుకుంటూనో మొత్తుకుంటూనో అలవాటు పడతారు. ఈ కిటుకు నేనే కనిపెట్టానని మురిసిపోయేవాణ్ణి.

నాలుగేళ్ల కిందటి మాట. కిరాణా దుకాణం నడిపే ఒకామె మా షట్టర్‌కు వచ్చింది. ఆమె నన్ను అన్నా అనేది, నేను చెల్లె అనేవాణ్ణి. ఆమె పెనిమిటి కుకునూరుపల్లి దిక్కు ఒక ఊళ్లో కల్లు గీసేవాడు. తాటిచెట్టు మీది నుంచి పడి తలకు దెబ్బ తగిలింది. ప్రాణం దక్కింది గాని కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. దవాఖానకు దగ్గరగా ఉంటుందని సిద్దిపేటలో ఖాళీగా ఉన్న ఆమె తల్లిగారింటికి వచ్చి ఉంటున్నారు. రోడ్డు మొగాన దుకాణం, మధ్యలో చిన్న వాకిలి, వెనక గదిలో ఆయన మంచం. మేడ మీద ఒకాయన కిరాయికి ఉంటాడు.

"అన్నా, జర ఇంటిదాక రావాలె. ఆయనకు ఒక్క చెయ్యే ఆయె. టీవీదొకటి, డబ్బాదొకటి, రెండు రిమోట్లు ఆగుతలేవు. ఒకటి పట్టుకుంటె ఇంకోటి మంచం కిందికి పోతుంది. రెండు పనులు ఒక్కదాంట్ల అయ్యేటిది ఏదన్న ఉంటె పట్టుకరా" అంది.

నా దగ్గర అలాంటివి రెండు రకాలున్నాయి. ఒకటి చిన్నది, ఆరే బటన్లు, ఒక్కోటి రూపాయి బిళ్లంత. మన పాత రిమోట్ చూపించి ఏ బటన్‌కు ఏ పని నేర్పిస్తే అది చేస్తుంది. ఇంకోటి పొడుగాటిది. నలభైకి పైగా బటన్లు, నొక్కితే వెనక నీలం లైటు. ఈ రెండోది ఎవరూ కొనక చాలా రోజులుగా అద్దాల బీరువాలో దుమ్ము పట్టి ఉంది. రెండూ సంచిలో వేసుకున్నాను గాని ఏది ఇచ్చి రావాలో షట్టర్ దాటకముందే అనుకున్నాను.

నేను వెళ్లేసరికి దుకాణంలో గిరాకీ ఉంది. ఆమె నన్ను వెనక గదిలోకి తీసుకుపోయి, "ఆయనకు అలవాటైనట్టు చెయ్యన్నా" అని ఒక్క మాట చెప్పి, ఎవరో పిలిస్తే వెళ్లిపోయింది. అలవాటు అంటే ఏం అలవాటని నేను అడగలేదు. అడిగి ఉంటే ఈ కథే లేదు.

ఆయనకు యాభై దాటి ఉండవు. దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. గోడకు తాటిచెట్టు ఎక్కే మోకు, గీత సామాను పెట్టుకునే ముస్తాదు అలాగే వేలాడుతున్నాయి. వరస కుదిరింది కదా, "ఏం బావా, మంచిగున్నవా?" అన్నాను. ఎడమ చెయ్యి కొంచెం ఎత్తాడు. ఆ చేతిలో టీవీ రిమోట్ ఉంది. నేను చెయ్యి చాపాను. ఇవ్వలేదు. ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. చిన్నపిల్లల దగ్గర బొమ్మ లాక్కున్నట్టు నవ్వుతూ ఒక్కో వేలూ విప్పి తీసుకున్నాను. ఈ మాట చెప్తుంటే నా వేళ్లే నాకు చూడబుద్ధి కావడం లేదు.

అలవాటు ప్రకారం రిమోట్ తిప్పి చూశాను. చానళ్ల బటన్లు కొత్తవిలా ఉన్నాయి. సౌండ్ పెంచే బటన్ ఒక్కటీ గుంట పడింది, రబ్బరు తెల్లబడింది. దాని మీద సగం ఊడిన బొట్టుబిళ్ల ఒకటి అంటుకుని ఉంది. పిల్లలెవరో ఆడుకున్నారనుకుని గోరుతో గీకేశాను. ఇక నా జోస్యం మొదలైంది.

"బావా, చెవుల్ల ఏమన్న దూది పెట్టుకున్నవా? సౌండ్ బటన్ గిట్ల తిన్నవేంది?"

ఆయన నవ్వలేదు. నా మొహంలోకి చూసి గొంతులో ఏదో అన్నాడు. నేనే నవ్వి, సంచిలోంచి రెండు రిమోట్లూ తీసి దుప్పటి మీద పెట్టాను, మర్యాదకు. ఆయన బొటనవేలు నెమ్మదిగా ఆరు బటన్లదాని మీదికి పోయింది. "గది పిల్లల బొమ్మ బావా, నీకెందుకు? నీ అసొంటోనికి గిది ఉండాలె" అని పొడుగుదాన్ని చేతిలో పెట్టాను. పెట్టింది కూడా కుడిచేతిలో. అది జారి పడ్డాక గాని నాకు గుర్తు రాలేదు ఆయనకు ఏ చెయ్యి పనిచేస్తుందో.

సామాను కోసం బండి దగ్గరికి వచ్చినప్పుడు మేడమెట్ల మీద కిరాయి ఆయన పట్టుకున్నాడు. ఒక ప్రైవేటు దవాఖానలో రాత్రి డ్యూటీ చేస్తాడట, ఇంట్లో దిగి నెల కూడా కాలేదట. పగలు కన్ను మూతపడగానే కింద టీవీ ఒక్కసారిగా గొంతు చించుకుంటుందని, కాసేపటికి దానంతట అదే తగ్గుతుందని, దినానికి పదిసార్లు ఇదే వరసని చెప్పుకుని వాపోయాడు. ఇంటామెకు చెప్తే జర ఓపిక పట్టు సారూ అంటుందట గాని ఎందుకో చెప్పదట. మంచం మీది పెనిమిటికి మూత్రం పోయించే సంగతి పరాయి మగవాడికి ఏ ఆడమనిషి చెప్తుంది?

"నీ చేతుల ఏమన్న ఇకమతు ఉంటె చూడన్నా. మా దవాఖానల రూములకు టీవీలు పెడుతున్నరు, నీ పేరు చెప్త" అన్నాడు.

ఇకమతు, అదే ఉపాయం, నా చేతిలో ఉండనే ఉంది. లాడ్జీల్లో బిగించే టీవీల కోసం కంపెనీలు లోపల ఒక మెనూ దాచిపెడతాయి. బటన్లు ఒక వరసలో నొక్కితే అది తెరుచుకుంటుంది. సౌండ్ ఇంతకు మించి పోకూడదని అందులో ఒక అంకె పెట్టి మూసేస్తే, ఇక బయటి నుంచి ఎవరు ఎంత నొక్కినా అక్కడే ఆగుతుంది. లాడ్జీల్లో ఈ పని ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. ఈయన చెవిటాయన, ఊరికే సౌండ్ పెంచి మేడ మీద మనిషి ప్రాణం తోడేస్తున్నాడని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. గదిలోకి పోయి, ఆయన ఎదురుగానే మెనూ తెరిచి, పదిహేను పెట్టి మూసేశాను. ఇంటామెకు చెప్పలేదు. చెప్తే ఆమె ఎందుకని అడుగుతుంది, మళ్లీ అదో పంచాయితీ అనుకున్నాను.

ఆయన తెర వైపే చూస్తున్నాడు. మెనూ పోగానే రిమోట్ ఈసారి ఎడమ చేతిలో పెట్టాను. బొటనవేలు ఎత్తి, ఆ నలభై బటన్లలో వెతికి వెతికి సౌండ్ బటన్ పట్టుకున్నాడు. నొక్కాడు. పదమూడు, పద్నాలుగు, పదిహేను. మళ్లీ నొక్కాడు, పదిహేనే. ఎన్నిసార్లు నొక్కినా పదిహేనే. రిమోట్ దుప్పటి మీద వదిలేసి నా మణికట్టు పట్టుకున్నాడు. కల్లు గీసిన చెయ్యి, ఎంత బలమో. గొంతులోంచి మళ్లీ ఆ శబ్దం వచ్చింది. "అలవాటైతది బావా" అని నేను చెయ్యి విడిపించుకున్నాను.

పోతూ పోతూ పాత రిమోట్ జేబులో వేసుకున్నాను. ఆమె చక్కెర తూస్తూ, ఆయనకు అన్నీ చెప్పావా అని అడిగింది. చిన్నపిల్ల సుత నేర్చుకుంటది చెల్లె అన్నాను.

షట్టర్‌కు వచ్చి నా తెలివితేటలన్నీ మిక్సీల ఆయనకు చెప్పుకున్నాను. ఆయన నవ్వలేదు. సౌండ్ ఎందుకు పెంచుతున్నాడో అడిగావా అన్నాడు. చెవుడు, ఇంకేముంది అన్నాను. "రిమోట్ ఇచ్చేటప్పుడు పట్టుకునే చెయ్యిని అడగాలె. నువ్వు నింపుకునే జేబును అడుగుతవు" అని మిక్సీ బిగించుకోవడంలో పడ్డాడు. నాకు మండింది. చాయ్ కూడా వేరుగా పోయి తాగాను. ఆ మధ్యాహ్నమే ఆ పాత రిమోట్ విప్పి, లోపలి బోర్డు ఇంకెవరి రిమోట్‌కో వేసి పంపేసి, డొప్ప బకెట్‌లో పడేశాను.

పది పన్నెండు రోజులు గడిచాయి. ఒక పొద్దున ఆమె మళ్లీ వచ్చింది. నిద్ర లేని మొహం. స్టూల్ మీద కూర్చుంది.

"అన్నా, గా పాత రిమోట్ ఉన్నదా, పారేసినవా?"

కొత్తది పాడైందా అన్నాను.

"పాడు గాలేదు. ఆయన పిలుస్తలేడు."

నాకు అర్థం కాలేదు. మాట లేని మనిషి పిలవడం ఏమిటి?

"సౌండ్ పెంచి పిలిచెటోడన్నా. నీళ్లు కావాలన్నా, ఒంటికి పోవాలన్నా, పక్కకు తిప్పుమనన్నా సౌండ్ పెంచుడే. లారీలు పోతున్నా సరే, నాకు దుకాణంల ఇనవడేది, ఉరుకుతుంటి. యేలికి అందాలని గా బటన్‌కు బొట్టుబిళ్ల సుత నేనే అంటుపెట్టిన. కొత్త రిమోట్ వచ్చినకాడ్నుంచి పిలుసుడే బంద్ చేసిండు. పాతదే కావాలని మొండికేసిండు అనుకున్న. వారం అంగడి దినం గిరాకీల పడి నేను ఎల్లలే. మూడు గంటలు పక్క తడుపుకోని గట్లనే పన్నడు. పోయి లొల్లి చేసిన. జర సౌండ్ పెంచుతే నీ సొమ్మేం పోతుండె అన్న. గా దినం నుంచి నీళ్లే ముడుతలేడన్నా. గ్లాసు నోటికాడ పెడితె పండ్లు బిగవడుతుండు."

నీళ్లు తాగకపోతే పిలవాల్సిన పని ఉండదు. ఆయన కట్టుకున్న లెక్క అది. మూత్రంలో చీము పట్టి, జ్వరం వచ్చి, ఒళ్లు తెలియకుండా పోతే మొన్న దవాఖానలో వేశారట. సెలైన్ ఎక్కుతోందట. నీళ్లెందుకు తాగడం లేదని డాక్టరు అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర జవాబు లేదు.

జవాబు నా దగ్గర ఉంది. నాలుక చివర ఉంది. చెల్లె, ఆయన పిలిచిండు, నేనే గొంతు కట్టేసిన. అంతే, ఒక్క ముక్క. ఎదురుగా మిక్సీల ఆయన స్క్రూడ్రైవర్ ఆపి నా నోటి వైపు చూస్తున్నాడు.

"టీవీ స్పీకర్ పట్టేసినట్టుంది చెల్లె, పాతదాయె. నువ్వేం ఫికర్ చెయ్యకు, నేను చూస్త" అన్నాను.

ఆమె రెండు చేతులూ జోడించింది. నువ్వుంటే బేఫికరన్నా అంది. పాత రిమోట్ విరిగిపోయిందని ఇంకో అబద్ధం చెప్పాను. ఒక అబద్ధం గడప దాటితే దాని వెనక ఇంకోటి దానంతట అదే వస్తుంది.

ఆమె పోయాక మిక్సీల ఆయన స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టాడు. "మంచిగ చెప్పినవు. టీవీకి నోరు లేకపాయె, ఆయనకు నోరు లేకపాయె" అన్నాడు. ముప్ఫై ఏళ్లలో ఆయన నన్ను ఎన్నో అన్నాడు. ఈ ఒక్కటే ఇంటిదాకా నా వెంట వచ్చింది.

నా ఆలోచన ఏమిటంటే, ఆయన ఇంటికి రాకముందే పోయి ఆ అంకె తీసేయాలి, ఎవరికీ తెలియకుండా. పోయాను. ఇంటికి తాళం. తాళంచెవి ఆమెతో పాటు దవాఖానలో ఉంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మేడమెట్ల మీద కిరాయి ఆయన కనిపిస్తే ఆయన అడగకుండానే అంతా చెప్పేశాను. పాపం, ఆయన మెట్ల మీదే కూలబడ్డాడు. రోజూ రోగుల మధ్య ఉండే మనిషినై ఉండి నాకు తెలియకపాయె అన్నాడు. ఆమె రాగానే ఇద్దరం కలిసి ఒప్పుకుందామన్నాడు. నేనే వద్దన్నాను. ఇప్పుడు చెప్పి ఆమెను ఇంకా బాధ పెట్టడమెందుకని పెద్దమనిషిలా సర్దిచెప్పాను. నా పరువు కాపాడుకోవడానికి ఆమె బాధను అడ్డం పెట్టుకున్నాను. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను: తర్వాత ఆ దవాఖాన టీవీల పని నాకే వచ్చింది. పోయి చేసొచ్చాను.

రెండు రోజులకు ఆయన్ను ఇంటికి తెచ్చారు. ఇక తప్పలేదు, ఆయన ఎదురుగానే చేయాల్సి వచ్చింది. మనిషి సగమయ్యాడు. ఎడమ బొటనవేలి కొస తోలు లేచి ఉంది. ఆ అంగడి రోజు మూడు గంటలు ఆయన ఏం చేశాడో ఆ వేలు చూస్తే తెలుస్తోంది. నేను బటన్లు నొక్కి ఆ దాచిన మెనూ తెరిచాను. తెర మీద పదిహేను కనిపించింది. ఆయన తెరను చూశాడు, నన్ను చూశాడు. అప్పుడు ఆ మెనూ చూసిన మనిషే కదా, ఆయనకు అంతా అర్థమైంది. నేను తల తిప్పుకుని అంకె తీసేశాను.

ఆరు బటన్ల రిమోట్‌కు ఆ పొడుగుదాన్నే చూపించి అన్నీ నేర్పించి, ఎడమ చేతిలో పెట్టాను. సౌండ్ బటన్ నొక్కి పట్టాడు. ఇరవై, ముప్ఫై, నలభై. కిటికీ అద్దాలు దడదడలాడాయి. ఆమె దుకాణంలోంచి చేతికి పిండి అంటుకుని ఉండగానే ఉరికి వచ్చింది. వచ్చి, మంచం పట్టె పట్టుకుని నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది. నుదుటి మీది బొట్టుబిళ్ల తీసి ఆ బటన్ మీద అంటించింది.

ఆయన సౌండ్ తగ్గించలేదు. రిమోట్ దుప్పటి మీద పెట్టి వేలు టీవీ వైపు చూపించాడు. తర్వాత నా వైపు చూపించాడు. మళ్లీ టీవీ, మళ్లీ నేను. గొంతులో అదే శబ్దం.  ఇక చెప్పేశాడు, అయిపోయింది అనుకున్నాను.

"ఎరుకైంది, ఎరుకైంది" అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ. "టీవీ బాగు చేసిండు, అన్నకు చాయ్ పొయ్యమంటున్నవు, అంతేనా?"

ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆమె చాయ్ తెచ్చింది. పాలు చిక్కగా, అల్లం వేసి. నేను ఆ చాయ్ తాగాను. ఆయన మంచం పక్కన స్టూల్ మీద కూర్చుని, ఆఖరి గుక్క దాకా తాగాను.

అప్పటి నుంచి అదొక ఆనవాయితీ అయింది. ఆ రోడ్డున పోతూ దుకాణం ముందు ఆగితే చాలు, వాకిలి మీదుగా కిటికీలోంచి ఆయనకు నేను కనిపించేవాణ్ణి. టీవీ అరిచేది. ఆమె మురిసిపోయేది. "నువ్వు అవుపడ్తె చాలు, నీకు చాయ్ పెట్టమంటడు. చుట్టాలొచ్చినా గిట్ల చెయ్యడు" అనేది. గిరాకీలకు కూడా చెప్పేది, ఈ అన్న లేకపోతే మా ఆయన బతకకపోయేవాడని. చాయ్ వద్దంటే ఆమెకు కోపం. తాగితే ఆయన చూపు. ఆ దారి మానుకుని మెదక్ రోడ్డు చుట్టూ తిరిగి పోయిన రోజులున్నాయి. పోకపోతే ఫోన్ చేసేది, ఆయన నీకోసం చూస్తుండు అని. షట్టర్‌కు తిరిగి వస్తే మిక్సీల ఆయన తల ఎత్తకుండానే, "చాయ్ అరిగిందా?" అని అడిగేవాడు. రెండేళ్లకు పైగా అడిగాడు. ఒక్కసారి కూడా నవ్వుతూ అడగలేదు.

కళ్లకు శుక్లాలు వచ్చాయి. ఆపరేషన్ అయినా సన్న సోల్డరింగ్ చేతకాలేదు. బల్ల ఆ ఫోన్ చేసే పిల్లలకు అప్పగించాను. ఆఖరి రోజు సామానంతా చూపించి, బకెట్ కూడా ఒప్పజెప్పి లేస్తుంటే, మిక్సీల ఆయన తన సొరుగులోంచి ఒకటి తీసి నా ముందు పెట్టాడు. లోపల బోర్డు లేని ఖాళీ రిమోట్ డొప్ప. సౌండ్ బటన్ గుంట పడి ఉంది. దాని మీద బొట్టుబిళ్ల జిగురు మరక ఇంకా పోలేదు. బకెట్‌లోంచి ఏరి ఇన్నాళ్లూ దాచాడు.

"అన్ని అప్పజెప్పినవు. గిది ఎవరికి అప్పజెప్తవు?" అన్నాడు.

డొప్ప సంచిలో వేసుకున్నాను. ఇంటికి పోలేదు. సీదా ఆ దుకాణానికి పోయాను. గల్లా ముందు నలుగురు గిరాకీలున్నారు. నేను కనిపించగానే లోపల టీవీ అరిచింది. ఆమె నవ్వి, వాళ్లను ఆగమని చెప్పి, గదిలోకి నాతో పాటు వచ్చింది. ఆయన వేలు ఎప్పటిలాగే టీవీ వైపు, నా వైపు. ఆమె ఎప్పటిలాగే వంటింటి వైపు.

"ఆగు చెల్లె. ఆయన చాయ్ పెట్టమంటలేడు" అన్నాను.

ఆమెకు వినిపించలేదు. ఆ సౌండ్‌లో నా గొంతు నాకే వినిపించలేదు. సౌండ్ తగ్గించు బావా అన్నాను. తగ్గించలేదు. నా కళ్లలోకి చూస్తూ అలాగే కూర్చున్నాడు. అందుకని కేకేసి చెప్పాల్సి వచ్చింది. చెవిలో చెప్పుకోవాల్సిన పాపాన్ని అంగట్లో టాంటాం వేసినట్టు అరిచి చెప్పాను.

"చెల్లె! ఆయన ఒక్కనాడు చాయ్ పెట్టమనలేదు. నా తప్పు చెప్తుండు, ఇన్నేండ్ల సంది గదే చెప్తుండు! టీవీ ఖరాబు గాలేదు. సౌండ్ పెరగకుంట నేనే బంద్ వెట్టిన. ఆయన పిలిచిండు. గా అంగడి దినం మూడు గంటలు పిలిచిండు!"

కిరాయి ఆయన అడిగిన మాట, దవాఖాన పని ఆశ, బొట్టుబిళ్ల గీకెయ్యడం, స్పీకర్ అని చెప్పిన అబద్ధం, అన్నీ అరిచాను. దుకాణంలో గిరాకీల మాటలు ఆగిపోవడం తెలుస్తూనే ఉంది. చివరికి సంచిలోంచి ఆ డొప్ప తీసి దుప్పటి మీద పెట్టాను. గొంతు బొంగురుపోయింది.

అప్పుడు ఆయన బొటనవేలు కదిలింది. ఒక్కో అంకే దిగింది. ముప్ఫై, ఇరవై, పది. సున్నా దాకా తగ్గించాడు. రోడ్డు మీద ఏదో లారీ పోయింది, ఆ చప్పుడూ పోయింది.

నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను. ఆమె ఆ డొప్ప చేతిలోకి తీసుకుని, గుంట పడ్డ బటన్ మీద వేలు పెట్టి నిలబడింది.

"నేను ఆయనను ఎన్ని మాటలన్ననో నీకెరుకనా అన్నా?" అంది నెమ్మదిగా. "పక్క మారుస్తుంటె, పిలువ చాతనైతలేదా, సచ్చిన శవమా అన్న. పిలిచిన మనిషిని అన్న."

 చెప్పేసి నా బరువు దించుకున్నానో, తీసుకుపోయి ఆమె నెత్తిన పెట్టానో తెలియదు. ముందే చెప్పి ఉంటే అందులో సగమైనా తగ్గేదని మాత్రం తెలుసు.

ఆమె మంచం మీద ఆయన పక్కన కూర్చుంది. ఆయన ఎడమ చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. బయట గిరాకీలు ఎవరూ పిలవలేదు. నన్ను కూర్చోమని గాని, పొమ్మని గాని ఎవరూ అనలేదు. కాసేపు నిలబడి వచ్చేశాను.

ఆ రోజు ఆ ఇంట్లో నాకు చాయ్ పెట్టలేదు. తర్వాత కూడా ఆ రోడ్డున పోతూనే ఉన్నాను. కిటికీలోంచి ఆయన నన్ను చూస్తాడు. టీవీ సౌండ్ మాత్రం పెంచడు.